మెడికల్ స్కూల్‌కి ముందు ఏ రీసెర్చ్ చేయాలి? క్యాంపస్ ల్యాబా, హాస్పిటలా, మా ఊరి బోదకాలా?

లంకపిల్ల:

అందరికీ నమస్కారమండి. నేను ఇప్పుడు రాజోలు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నాను, ఆగస్టు మూడో వారం దాకా ఇక్కడే. ఏడో తరగతి వరకు ఇక్కడే చదివాను. తర్వాత మా మేనత్త స్పాన్సర్ చేస్తే ఇంటిల్లిపాదీ న్యూజెర్సీ వెళ్ళిపోయాం. అక్కడ బయాలజీ డిగ్రీలో రెండేళ్ళు పూర్తయ్యాయి, డాక్టర్ కావాలని ఉంది. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను, అక్కడ ఇక్కడిలా ఇంటర్ అవగానే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరిపోవడం ఉండదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ చేయాలి, ఆ చదువుతో పాటే ఎమ్‌క్యాట్ పరీక్ష, హాస్పిటల్‌లో వాలంటీర్ పని, డాక్టర్ల వెంట ఉండి వాళ్ళు చేసేది చూడడం, రీసెర్చ్, ఇవన్నీ పోగేసుకుని అప్లై చేయాలి. నేను మూడో ఏడాది అయ్యాక వచ్చే జూన్‌లో అప్లై చేద్దామనుకుంటున్నాను, అంటే గట్టిగా పదకొండు నెలలు కూడా లేవు, ఇంతవరకు ఒక్క రీసెర్చ్ కూడా చేయలేదు, ఇదే టెన్షన్.

ఇప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది మా క్యాంపస్‌లోనే క్యాన్సర్ మీద పనిచేసే పెద్ద ల్యాబ్. ఆ ప్రొఫెసర్‌కి చాలా పేరుంది, ల్యాబ్‌లో ఇరవై మంది దాకా ఉంటారు, నన్ను ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక అక్కడ రీసెర్చ్ చేసే మనిషి) కింద వేస్తారట, వారానికి పన్నెండు గంటలు చేయాలి. రెండోది హాస్పిటల్‌లో మోకాలి ఆపరేషన్లు చేసే డాక్టర్‌గారి దగ్గర. పాత పేషెంట్ల రికార్డులు చదివి వివరాలు పట్టికలో ఎక్కించాలి, త్వరగా పేపర్‌లో పేరు వస్తుందని అక్కడ చేసిన సీనియర్ చెప్పింది.

మూడోది ఇక్కడిది. మా అమ్మమ్మకి ఎడమ కాలు బోదకాలు, నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు చలిజ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రబడి నిప్పులా కాలిపోతుంది, రెండు రోజులు మంచం దిగలేదు. ఈసారి నేను వచ్చిన వారానికే వచ్చింది. చిన్నప్పుడు ఆ కాలు పక్కనే పడుకున్నాను కానీ ఇది ఎందుకొస్తుంది అని ఎప్పుడూ అడగలేదు, ఈసారి రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంటే అదొక్కటే బుర్రలో తిరిగింది. మా దూరపు చుట్టం ఒకాయన ఆర్ఎంపీ, ఆయన అన్నారు కదా, ఈ చుట్టుపక్కల గోదావరి లంకల్లో వంద ఇళ్ళు తిరుగుదాం, కాళ్ళ ఫోటోలు తీసుకో, కొలతలు రాసుకో, ఆరు వారాల్లో అయిపోతుంది, అమెరికా వెళ్ళి రాసేసుకో అని. మనసంతా దీని మీదే ఉంది. కానీ ఎక్కడో ఏదో సరిగ్గా లేదనిపిస్తోంది, అదేంటో తేల్చుకోలేకపోతున్నాను. నాకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకి ఇచ్చేది) ఉంది, అది పనికొస్తుందో లేదో కూడా చెప్పండి. మూడింట్లో ఏది పట్టుకోమంటారు?

తణుకు కుర్రాడు:

చెల్లెమ్మా, నాది తణుకు, ఇప్పుడు అమెరికాలో మెడికల్ స్కూల్ రెండో ఏడాది చదువుతున్నాను, ఈ ఊబిలోంచి ఈ మధ్యే బయటపడ్డాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు ఒక భయం తీసేస్తాను. రీసెర్చ్ లేకపోతే సీటే రాదు అనేది నిజం కాదు. ఎండీ-పీహెచ్‌డీ కలిపి చేసేవాళ్ళకైతే గట్టి రీసెర్చ్ ఉండి తీరాలి, రీసెర్చ్‌కి పేరున్న స్కూళ్ళు కూడా దాన్ని బాగా చూస్తాయి. మామూలు ఎండీకి (ఇక్కడి ఎంబీబీఎస్ లాంటిది) మాత్రం రోగుల దగ్గర గడిపిన సమయం లేకుండా రీసెర్చ్ ఒక్కటీ పట్టుకెళ్తే, ఈ అమ్మాయికి డాక్టర్ పని అంటే తెలుసా అని అడుగుతారు. కాబట్టి నువ్వు హాస్పిటల్ వాలంటీర్ గంటలు తగ్గించుకుని ల్యాబ్ గంటలు పెంచుకునే పని మాత్రం చేయకు.

ఇక ఏది ఎంచుకోవాలి అనేదానికి నా సంగతే చెప్తాను. నేను డిగ్రీలో నీ మొదటి దారి లాంటిదే పట్టుకున్నాను. గొప్ప పేరున్న ల్యాబ్, ఏడాదిన్నర చేశాను, ప్రొఫెసర్‌ని దగ్గరగా చూసింది రెండే రెండుసార్లు. ఎలుకల తోక ముక్కల్లోంచి డీఎన్ఏ తీసి పీసీఆర్ పెట్టడం, జెల్ నడపడం, ఏ ఎలుకకి ఏ జన్యువు ఉందో రాసి పెట్టడం, ఇదే పని. పని చిన్నదని కాదు, అది లేకపోతే ఆ ల్యాబ్ నడవదు. కానీ ఆ ఎలుకలతో వాళ్ళు ఏం తేల్చాలనుకుంటున్నారో నేను అడగలేదు, వాళ్ళూ కూర్చోబెట్టి చెప్పలేదు. చివరికి రికమెండేషన్ లెటర్ ఎవరు రాశారు? నన్ను గుర్తుపట్టలేని ఆయన, పోస్ట్‌డాక్ రాసిచ్చిన నాలుగు ముక్కల కింద సంతకం పెట్టి పంపారు. ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, నీ ప్రాజెక్ట్‌లో మీరు తెలుసుకోవాలనుకున్నదేమిటి, అది తేలకపోతే తర్వాత ఏం చేసేవాడివి అని. నాకు నోరు పెగల్లేదు. ఆ ఏడాది నాకు ఎక్కడా రాలేదు. మార్కుల వల్ల కాదని తర్వాత తెలుసుకున్నాను.

మరుసటి ఏడాది ఒక చిన్న ల్యాబ్‌లో చేరాను. అయిదుగురమే, ప్రతి శుక్రవారం మేడమ్ మా నోట్‌బుక్ తెరిచి ఇదెందుకు చేశావు అని అడిగేది. పేపర్ ఏమీ రాలేదు, ఒక పోస్టర్ పెట్టాను అంతే. కానీ ఆవిడ రాసిన లెటర్‌లో నేను ఒక ప్రయోగం మూడుసార్లు తప్పు చేసి నాలుగోసారి ఎక్కడ తప్పిందో ఎలా పట్టుకున్నానో రాసిందట. ఇంటర్వ్యూలో దాని గురించే మాట్లాడుకున్నాం.

మెడికల్ స్కూళ్ళకి నువ్వు అప్లై చేసే ఏఎమ్‌కాస్ అనే ఆన్‌లైన్ ఫారంలో అనుభవాలకి మొత్తం 15 గడులే ఉంటాయి, ఒక్కోదానికి 700 అక్షరాలు. వాటిలో మూడింటిని మాత్రం నీకు అన్నిటికంటే ముఖ్యమైనవని చెప్పి ఇంకో 1325 అక్షరాలు రాసుకోవచ్చు. ఏ పని గురించైతే ఆ 1325 అక్షరాలు చాలవు అనిపిస్తుందో అదే నువ్వు చేయాల్సిన రీసెర్చ్. నీ పోస్టులో మొదటి రెండు దారులకి తలా మూడు నాలుగు ముక్కలు రాశావు, మూడోదానికి అమ్మమ్మ గజ్జల్లో బిళ్ళ దాకా రాశావు, గమనించావో లేదో.

అలాగని వంద ఇళ్ళు తిరిగి ఫోటోలు తీసేయమని నేను చెప్పను, దాని గురించి ఇక్కడ డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పేపర్‌లో పేరు అన్న మాటకి మాత్రం పడిపోకు. రికార్డులన్నీ ఎక్కించి, లెక్కలు కట్టి, రాసి, పత్రికకి పంపి, వాళ్ళు తిప్పి పంపితే మళ్ళీ దిద్ది, ఇదంతా అవడానికి ఏడాది రెండేళ్ళు మామూలు. నువ్వు వచ్చే జూన్‌లో ఫారం నింపేలోపు రావడం కష్టం.

పిపెట్ భీమవరం:

తణుకు అన్నయ్య చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను కానీ ల్యాబ్ బెంచ్ పని మీద చెల్లెమ్మకి చులకన భావం రాకూడదని ఇది రాస్తున్నాను. నేను బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఊరు భీమవరం.

మీ అమ్మమ్మగారికి, మీ ఊళ్ళో అందరికీ ఫైలేరియా (బోదకాలు తెచ్చే జబ్బు) మాత్రలు పంచే రోజున ఆశా కార్యకర్త వచ్చి ఇచ్చే డీఈసీ మాత్ర ఉంది కదా, అది 1940ల చివర్లో లెడర్లే కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగం నుంచి వచ్చింది. ఆయన 1895లో పుట్టింది మా భీమవరంలోనే. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆయన 1923లో అమెరికా వెళ్ళాక హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి మొదట పేరు తెచ్చుకున్న పని ఏమిటో తెలుసా, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగుని బట్టి కొలిచే పద్ధతి, 1925లో అచ్చయింది. నీలం రంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి కొలవడం, అంతే. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, ఏటీపీ దొరికింది. మేము ఇప్పటికీ ఆ పద్ధతిని వాళ్ళిద్దరి పేర్లతోనే పిలుస్తాం. కాబట్టి ఒక కొలతని తప్పు లేకుండా వందసార్లు చేయడం నేర్చుకోవడం చిన్న విషయం కాదు, పేషెంట్ ముఖం కనపడకపోయినా సరే.

ల్యాబ్‌లో చేరే ముందు నువ్వు అడగాల్సినవి వేరే. నాకు రోజూ పని నేర్పేది ఎవరు, ఆ మనిషి ఇంకో ఏడాది అక్కడే ఉంటారా, నా కంటూ ఒక చిన్న ముక్క ఎప్పుడు ఇస్తారు, ల్యాబ్ మీటింగ్‌లో నన్ను కూర్చోనిస్తారా. ఆ ఇరవై మందిలో ఇంతకుముందు పనిచేసిన డిగ్రీ పిల్లలు ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకుని అడుగు, ప్రొఫెసర్‌ని అడిగితే అన్నీ బాగానే ఉంటాయంటారు. ఇంకో మాట, మొదటి ఆరు నెలల్లో నీ చేతిలో ఏదీ సరిగ్గా రాదు, అందరికీ అంతే, దానికి ఏడవకు. నాకు మొదటి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్‌ని గుర్తుపట్టే పరీక్ష) సరిగ్గా రావడానికి రెండు నెలలు పట్టింది, తీరా చూస్తే బఫర్ ఉప్పు తూకంలో తప్పు.

అమలాపురం అమ్మ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయి అమలాపురంలో ఇంటర్ బైపీసీ రెండో ఏడాది, నీట్‌కి చదువుతోంది. ఇక్కడ కూడా ఇలాంటి రీసెర్చ్ సర్టిఫికెట్లు ఉంటే సీటుకి పనికొస్తాయా? ఆన్‌లైన్‌లో ఎవరో డబ్బు కడితే ఇస్తామంటున్నారు.

కాకినాడ డాక్టరమ్మ:

అమ్మగారూ, పనికిరావండి, ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇక్కడ ఎంబీబీఎస్ సీటుకి చూసేది నీట్ ర్యాంకు, మీ కేటగిరీ, లోకల్ వివరాలు, అంతే. అమ్మాయిని బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మీద ఉండనివ్వండి. ఎంబీబీఎస్‌లో చేరాక రీసెర్చ్ చేయాలనిపిస్తే ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) వాళ్ళ ఎస్టీఎస్ అని విద్యార్థుల పథకం ఒకటుంది, 1979 నుంచి నడుస్తోంది, రెండు నెలల చిన్న ప్రాజెక్ట్ సొంత కాలేజీ టీచర్ దగ్గరే చేస్తారు, దానికి వాళ్ళే ఎదురు డబ్బులిస్తారు.

ఇప్పుడు లంకపిల్లకి. అమ్మాయ్, నేను కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి, కమ్యూనిటీ మెడిసిన్‌లో చాలా ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. సరిగ్గా లేదనిపిస్తోంది అన్నావు చూడు, అది నీ మనసు కరెక్టుగా చెప్పింది. ఆ వంద ఇళ్ళ సర్వే చేయకు.

ఎందుకో చెప్తాను. ఓసీఐ కార్డుతో నువ్వు ఎప్పుడైనా రావచ్చు, ఉండచ్చు, కానీ 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ ఉన్నవాళ్ళు ఇక్కడ పరిశోధన చేయాలంటే విడిగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అది ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) దగ్గరో, మీ దేశంలో ఉన్న భారత రాయబార కార్యాలయం దగ్గరో అడగాలి. రెండోది, మనుషుల మీద ఏ ఆరోగ్య పరిశోధన చేయాలన్నా, ఊరికే ప్రశ్నలడిగి కాలు కొలిచినా సరే, మొదలుపెట్టక ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, అయ్యాక తెచ్చుకుంటాం అంటే కుదరదు. విదేశీ సంస్థతో కలిసి చేస్తే ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీకి కూడా వెళ్ళాలి. మీ యూనివర్సిటీకి కూడా ఐఆర్‌బీ అని ఇలాంటి కమిటీ ఉంటుంది, వాళ్ళ విద్యార్థి వేరే దేశంలో చేసినా వాళ్ళకి చెప్పి చేయాల్సిందే. ఇవన్నీ ఆరు వారాల్లో అయ్యేవి కావు. అనుమతి లేకుండా తీసిన ఫోటోలని, కొలతలని మంచి పత్రికలేవీ తీసుకోవు. ఆర్ఎంపీ గారికి ఇవి తెలియకపోవచ్చు, ఆయన మంచికే చెప్పి ఉంటారు, కానీ రేపు ఏదైనా అయితే ఇంటర్వ్యూలో సమాధానం చెప్పాల్సింది నువ్వు.

అయితే నీ దగ్గర ఒక మంచి ప్రశ్న ఉంది, దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళిపోకు. బోదకాలు అంటే ఏమిటో ఒకసారి ఆలోచించు. దోమ కుట్టినప్పుడు లోపలికి వెళ్ళిన పురుగులు లింఫ్ నాళాల్లో చేరి అక్కడే పెరిగి వాటిని పాడు చేస్తాయి, నీరు దిగాల్సిన దారి చెడిపోతుంది, కాలు వాస్తుంది. పురుగులు చచ్చిపోయాక కూడా పాడైన దారి బాగుపడదు. మాత్రలు వేసుకున్నా ఏళ్ళ నాటి వాపు దిగకపోవడానికి కారణం అదే, మాత్రలు ముఖ్యంగా ఇంకొకళ్ళకి పాకకుండా ఆపడానికి. చలిజ్వరాలు ఎందుకొస్తాయంటే నీరు నిలిచిన ఆ చర్మం వేళ్ళ మధ్య ఒరిసిపోయి, పగిలి, అందులోంచి మామూలు బ్యాక్టీరియా లోపలికి పోతుంది. ప్రతి జ్వరానికీ కాలు ఇంకొంచెం పెరుగుతుంది.

ఇప్పుడు మీ న్యూజెర్సీలో చూడు. అక్కడ ఫైలేరియా లేదు, కానీ రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి చంకలో లింఫ్ గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా కొందరికి చెయ్యి ఇలాగే వాస్తుంది. దాన్ని లింఫెడిమా అంటారు. వాళ్ళకీ చర్మం పగిలితే ఇదే చలిజ్వరం, ఇదే ఎర్రదనం. కారణం వేరు, లోపల జరిగేది ఒకటే. పెద్ద యూనివర్సిటీ హాస్పిటళ్ళలో లింఫెడిమా కోసం విడిగా క్లినిక్‌లుంటాయి. నువ్వు ఆ మోకాలి డాక్టర్‌గారి దగ్గర కాకుండా అలాంటి క్లినిక్‌ని వెతుక్కుని, నాకు ఈ విషయం మీద పనిచేయాలని ఉంది, ఎందుకంటే మా అమ్మమ్మ కాలు ఇది అని రెండు పేరాల ఈమెయిల్ రాయి. రికార్డులు చదివే పనే ఇచ్చినా పర్లేదు, అక్కడ నువ్వు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. చర్మం జాగ్రత్తలు నేర్పిన వాళ్ళకి జ్వరాలు ఎన్నిసార్లు వచ్చాయి, నేర్పని వాళ్ళకి ఎన్నిసార్లు, ఇలాంటివి. అక్కడ కమిటీ అనుమతి వాళ్ళ పేరు మీద ముందే ఉంటుంది, నువ్వు ట్రైనింగ్ కోర్సులు పూర్తి చేసి చేరితే చాలు.

డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆగగలిగితే, అమెరికా పౌరులకి ఫుల్‌బ్రైట్ అనే స్కాలర్‌షిప్ ద్వారా ఇండియాలో తొమ్మిది నెలలు పరిశోధన చేసే అవకాశం ఉంది. అప్పుడు ఇక్కడి సంస్థతో కలిసి, అనుమతులన్నీ పెట్టుకుని, దర్జాగా మీ ఊరు రా.

ధవళేశ్వరం తాత:

అమ్మా లంకపిల్లా, నేను ఫైలేరియా యూనిట్‌లో చేసి రిటైరయ్యాను. ట్రైనింగ్ రాజమండ్రిలోనే, అక్కడ ఫైలేరియాకి కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ట్రైనింగ్ సెంటరు ఉంది. డాక్టరమ్మగారు చట్టం చెప్పారు, నేను ఊరి సంగతి చెప్తాను.

ఈ పురుగు పిల్లలు పగలు రక్తంలో కనపడవు, రాత్రి పూట పైకి వస్తాయి. అందుకని మేం రాత్రి ఎనిమిదిన్నర నుంచి అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. టార్చిలైటు, స్లైడ్ల పెట్టె, సూది, దూది. నిద్రపోతున్న వాళ్ళని లేపి వేలు గుచ్చాలి. పగలంతా వరికోత కోసి, కొబ్బరికాయ దింపి అలిసిపోయి పడుకున్న మనిషిని లేపి వేలివ్వమంటే ఎవరికైనా కోపమే కదమ్మా. అయినా ఇచ్చేవారు. ఎందుకిచ్చేవారంటే ఎవరికి పాజిటివ్ వస్తే వాళ్ళింటికి వారంలోపు నేను మాత్రలు పట్టుకుని వెళ్ళేవాణ్ణి, నెగిటివ్ వచ్చినవాళ్ళకీ నీకేం లేదయ్యా అని చెప్పి వచ్చేవాణ్ణి. చెప్పకపోతే వాళ్ళు మళ్ళీ వేలివ్వరు.

ఒకసారి బయట నుంచి ఒక బృందం వచ్చింది. ఎవరో ఎందుకులే. లంకలో మూడు రాత్రులు ఉండి నాలుగొందల మంది దగ్గర రక్తం తీసుకున్నారు, కాళ్ళు ఫోటోలు తీశారు, ఆడవాళ్ళ కాళ్ళు కూడా. మళ్ళీ రాలేదు. ఎవరికి ఏముందో ఒక్కరికీ చెప్పలేదు. తర్వాత ఆ లంకకి నేను వెళ్తే, ఇరవై ఏళ్ళ నుంచి తెలిసినవాణ్ణి, నా మొహం మీదే తలుపేశారు. ఒక పెద్దావిడ అంది, నా కాలు ఎక్కడెక్కడ ఎవరెవరు చూస్తున్నారో బాబూ అని. రెండేళ్ళు పట్టింది ఆ ఊరు మళ్ళీ దారికి రావడానికి. ఆ రెండేళ్ళలో అక్కడ మాత్రలు మింగనివాళ్ళ లెక్క నాకు ఇంకా గుర్తుంది. అందుకే తల్లీ, ఫోటోలొద్దు.

మరి ఈ ఆరు వారాలు ఊరికే కూర్చుంటావా? అక్కర్లేదు. మీ అమ్మమ్మ కాలు నువ్వు చూసుకో, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రోజూ సాయంత్రం సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళు కూడా అక్కర్లేదు, మామూలు చల్లటి మంచినీళ్ళతో మెత్తగా కడుగు. రుద్దకు. వేళ్ళ మధ్య వేలు పెట్టి మరీ కడగాలి, మడతలు విప్పి కడగాలి. తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టు, వేళ్ళ సందులో చిన్న గుడ్డ ముక్క దూర్చి తడి తీసెయ్. అక్కడే అంతా ఉంది. మా అనుభవంలో చలిజ్వరం తెచ్చేది ఆ వేళ్ళ సందు పుండే. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టించు, కాలు ఆడించమను, చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్ళనివ్వకు, ఈ వానలకి అసలే బురద. జ్వరం ఎర్రదనంతో వస్తే మాత్రం ఇంట్లో తడిగుడ్డతో ఆపకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్ళు, యాంటీబయాటిక్ కావాలి.

ఒక నోట్‌బుక్ పెట్టు. ఏ తారీఖున జ్వరం వచ్చింది, ముందు రోజు ఏం చేసింది, వేళ్ళ మధ్య ఎలా ఉంది, టేపుతో మడమ దగ్గర ఎంత, పిక్క దగ్గర ఎంత. ఎవరికీ చూపించక్కర్లేదు, మీ అమ్మమ్మకి, మీ డాక్టర్‌కి తప్ప. నేను ముప్ఫై ఏళ్ళు స్లైడ్లు చూశాను గానీ ఒక కాలుని రోజూ చూసింది లేదు. నువ్వు చూస్తే నాకంటే ఎక్కువ తెలుస్తుంది.

లంకపిల్ల:

అందరికీ చాలా థ్యాంక్సండి, నాలుగు రోజుల నుంచి కరెంటు వచ్చిపోతోంది, ఫోన్ ఛార్జింగ్ లేక ఆలస్యమైంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారట, సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటి నరసాపురం వెళ్ళే పంటు (రేవు పడవ) ఆపేశారు. మా వీధిలోకి ఇంకా నీళ్ళు రాలేదు.

ఆర్ఎంపీ మావయ్యకి చెప్పాను, చేయను అని. కొంచెం చిన్నబుచ్చుకున్నారు కానీ తాతగారు రాసింది చదివి వినిపిస్తే ఆ లంక సంగతి తనకీ తెలుసన్నారు, ఇంకేం మాట్లాడలేదు.

మా యూనివర్సిటీ హాస్పిటల్ వెబ్‌సైట్ వెతికితే నిజంగానే లింఫెడిమా క్లినిక్ ఉంది! రెండేళ్ళుగా దాని ముందు నుంచే బస్సెక్కుతున్నాను. అక్కడ ఫిజికల్ థెరపిస్ట్ ఒకావిడ, సర్జన్ ఒకాయన కలిసి నడుపుతున్నారు. ఇద్దరికీ రాశాను. మొదట రాసింది చాలా పొడుగైపోయింది, తణుకు అన్నయ్య చెప్పినట్టు నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి అని నన్ను నేను అడుక్కుని మళ్ళీ రాశాను. ఆవిడ నిన్న రాత్రి జవాబిచ్చింది, సెప్టెంబరులో వచ్చి కలవమంది, జీతం ఉండదు, మొదట మూడు నెలలు పేషెంట్ల చేతులు టేపుతో కొలిచేటప్పుడు పక్కన నిలబడి రాసుకోవడమే పని అంది. ఆవిడ దగ్గర ఇప్పటికి ఇద్దరే విద్యార్థులు ఉన్నారట, వాళ్ళ ఈమెయిల్స్ కూడా ఇచ్చింది, భీమవరం అన్నయ్య చెప్పిన ప్రశ్నలన్నీ వాళ్ళని అడిగేస్తాను. క్యాన్సర్ ల్యాబ్‌కి రాలేనని చెప్పేశాను. అప్లికేషన్ ఒక ఏడాది వెనక్కి జరుపుదామా అని ఆలోచిస్తున్నాను, నాన్న ఇంకా ఒప్పుకోలేదు, అది ఇంట్లో తేల్చుకోవాలి.

అమ్మమ్మ మొదటి రోజు కాలు ముట్టుకోనివ్వలేదు. నువ్వు నా కాళ్ళు కడగడమేంటే, చదువుకునే పిల్లవి అని ఏడ్చింది. మూడో రోజు నుంచి తనే సాయంత్రం అవగానే అరుగు మీద కాలు చాపి కూర్చుంటోంది. తాతగారూ, ఒక సందేహం. చిటికెన వేలికి పక్క వేలికి మధ్య తెల్లగా నానిపోయినట్టు ఉంది, వాసన కూడా వస్తోంది, నొప్పి లేదంటోంది. పౌడర్ వేయమంటోంది పక్కింటి పిన్ని. వేయనా?

ధవళేశ్వరం తాత:

పౌడర్ వద్దమ్మా, తడికి ఉండకట్టి ఇంకా ఒరుస్తుంది. అది ఫంగస్ కావచ్చు, రేపు నీళ్ళు ఎక్కకముందే పొద్దున్నే పీహెచ్‌సీలో చూపించి వాళ్ళిచ్చే ఆయింట్‌మెంటే రాయి. అలాగే బోదకాలు పేషెంట్లకి ఇచ్చే కిట్ ఉందా అని అడుగు, బేసిన్, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉంటాయి. లేదంటే పేరు రాయించి రా. వరద ఎక్కువైతే అమ్మమ్మని బురదనీళ్ళలో నడిపించకు, ఎవరినైనా పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకు తీసుకెళ్ళండి.